బీదల మూటలోని కోటు

"ఎంత పని చేశావ్..." అంటూ పాస్టరుగారు ఆ చిన్న ఉన్ని కోటును ముందు పడేసేసరికి పాస్టరమ్మ దాన్ని గబుక్కున ఒళ్లోకి లాక్కుంది. బీదలకని సంఘంవాళ్లు ఇచ్చే బట్టల మూటలు విప్పి, మడతపెట్టి పంచేది ఆవిడే. పదేళ్లలో ఒక్క చేతిరుమాలైనా ఇంట్లోకి తేలేదు. ఎనిమిదేళ్ల కూతురు చలికి ఊపిరాడక మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి వచ్చాక మాత్రం, ఆ కోటు కనబడగానే ఆవిడ చేయి ఆగలేదు.

"దానికి చలి పడదని డాక్టరు చెప్పాడు కదండీ... కొనే స్తోమత లేదాయె. మనం మాత్రం బీదలం కామా?"

"పరాయివాళ్లకిచ్చింది దాచుకోవడం లోభమే. రేపటి ప్రసంగం కూడా దాని మీదే. అందరి ముందూ లేచి ఒప్పుకో."

ఆ ప్రసంగం ఆవిడకి తెలుసు. దేవుడికి చెందాల్సిన వాటిలోంచి మంచి వస్త్రమొకటి తీసి గుడారంలో పాతిపెట్టిన మనిషి గురించి బైబిల్లో ఉన్న పాత కథ. జనం వాడితోపాటు వాడి పిల్లల్నీ రాళ్లతో కొట్టి చంపారు.

"ఆ కథలో పిల్లలేం చేశారండీ?" అంది ఆవిడ. "మీకు డబ్బాశ లేదు, నిజమే. మచ్చలేని మనిషి అనిపించుకోవాలనే ఆశ మాత్రం కొండంత ఉంది. దానికి నా బిడ్డని బలిపెట్టకండి..."

ఆయన కోటు తీసుకెళ్లి మూటలో పెట్టేశాడు. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా సరే, ఆయనకి నియమమంటే నియమమే.

మర్నాడు పాప పల్చటి గౌనులో ముడుచుకుని, మందిరంలో ముందు బల్ల మీద తల్లికి అతుక్కుపోయి కూర్చుంది. ఆయన కథ చెబుతూ ఆ పిల్లల్ని చంపిన చోటికి వచ్చేసరికి దానికి దగ్గు తెర ముంచుకొచ్చింది. నాన్న ప్రసంగం చెడిపోతుందని పిచ్చితల్లి నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఊపిరి బిగబట్టింది. పెదవులు నల్లబడ్డాయి.

ఆయన మాట ఆగిపోయింది. ఒప్పుకోవడానికి తన వంతు వచ్చిందనుకుని పాస్టరమ్మ లేచి నిలబడింది.

"నువ్వు కూర్చో," అన్నాడాయన. వేదిక దిగి వచ్చి, ఒంటి మీది పొడవాటి అంగీ విప్పి కూతురికి చుట్టబెట్టాడు. మోచేతి దగ్గర చిరిగిన చొక్కాతోనే జనం వైపు తిరిగాడు.

"దాచుకున్నవాణ్ణి నేను," అన్నాడు. "పిల్ల పోయినా సరే, నా మంచిపేరు మిగలాలనుకున్నాను..."

వెనక వరసలోంచి ఎవరో లేచి బీదల మూటలుండే గది వైపు నడిచారు. పాస్టరమ్మ పాప వీపు రాస్తూనే ఉంది. దగ్గు తగ్గేదాకా ఆయన వైపు చూడలేదు. చూశాక, కాస్త పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చింది.