వెళ్ళొస్తా

"వెళ్ళొస్తా," అన్నాడు వీరేశం.

మనిషి లేడు, గొంతు మాత్రమే. కాకినాడ కుటుంబ న్యాయస్థానంలో ఆ మాటను మళ్ళీ వినిపించారు. తల్లి హైమావతి పక్కన స్కూలు యూనిఫాంలో కూర్చున్న కేతకి ఎప్పటిలాగే తల వంచుకుంది. పిల్లను బయట కూర్చోబెడదామంటే నిబంధన ఒప్పుకోదు. సంరక్షణ తేలని బిడ్డ ప్రతి వాయిదాకూ హాజరు కావాలట.

ప్రతి ఇంటి గుమ్మానికీ గృహసాక్షి ఉండే కాలమది. గడప దగ్గర ఎవరేమన్నా రికార్డు చేసి దాచిపెడుతుంది. ఇక చట్టంలోని మాటకు అర్థం చెప్పే పని అర్థనిర్ణేతది. ఒక్కో జడ్జి ఒక్కో అర్థం చెబుతున్నారని జనం గోలపెడితే ప్రభుత్వం ఆ యంత్రాన్ని తెచ్చింది. ఇప్పుడు దేశమంతా ఒకే అర్థం. తప్పైనా ఒకటే.

భర్త విడిచిపోయాడని హైమావతి అడిగింది విడాకులు. వీరేశం వెళ్ళి నాలుగేళ్ళయింది. నాగపూర్‌లో ఇంకొకామెతో కాపురం పెట్టాడు. విడాకులు రానిదే కేతకి మీద పూర్తి హక్కు ఆమెకు రాదు. పిల్లను స్కూలు మార్చాలన్నా, ఆపరేషన్ చేయించాలన్నా, ఫోనెత్తని ఆ మనిషి ఒప్పుకోలు కావాలి.

"విడిచిపోవడమంటే తిరిగివచ్చే ఉద్దేశం లేకుండా వెళ్ళడం," అంది అర్థనిర్ణేత తొణక్కుండా. "ప్రతివాది తిరిగి వస్తానని చెప్పి వెళ్ళాడు. స్పష్టమైన మాట ఉన్నచోట నడతను పరిశీలించరాదు."

హైమావతి లాయరు తాజుద్దీన్ లేచాడు.

"యువరానర్, అది హామీ కాదండి, మర్యాద. మనలో గడప దాటేవాళ్ళెవరైనా వెళ్ళొస్తాననే అంటారు. వెళ్తానంటే అశుభం. చావింటికి పరామర్శకు వెళ్ళినప్పుడే చెప్పకుండా వచ్చేస్తాం. అంతకు మించి ఆ మాటలో ఏమీ లేదండి."

"ఆచారం చట్టంలో రాసి లేదు," అంది యంత్రం.

జడ్జి వసుంధరాదేవి నుదురు రుద్దుకుంది. "నాకు తెలీదాండీ తాజుద్దీన్ గారూ? పొద్దున మా ఇంట్లో నేనూ అదే అనొచ్చాను. కానీ అర్థం చెప్పే అధికారం నాకు లేదు. సంతకం పెట్టడమే నా పని."

పెట్టింది. అర్జీ కొట్టేశారు.

హైమావతికి ఒళ్ళు మండిపోయింది. "రానివాడు వస్తానన్నాడని నేను జన్మంతా వాడి పెళ్ళాంగా పడుండాలాండీ?" అని కోర్టు మెట్ల మీదే నిలదీసింది.

"అప్పీలు వేద్దామమ్మా," అన్నాడు తాజుద్దీన్. ఆ సలహా అతనికే రుచించలేదు.

"అంటే మళ్ళీ ఆ గొంతు వినాలి," అంది హైమావతి విసుగ్గా.

మర్నాడు పొద్దున దోసె మాడుతున్న హడావుడిలో హైమావతి తిరిగి చూసేసరికి కేతకి బ్యాగు తగిలించుకుని గడప దాటేసింది. మాటా పలుకూ లేదు. ఆలోచిస్తే ఈ మధ్య రోజూ అంతే. నిన్నటి కోపమంతా పిల్ల మీదకి మళ్ళింది.

"ఏమే, చావింటి నుంచి పోయినట్టు ఆ పోవడమేంటి? చెప్పి వెళ్ళలేవూ?"

కేతకి వెనక్కి వచ్చింది. గుమ్మం మీది గృహసాక్షిని ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"నేను సాయంత్రం నిజంగానే వస్తానమ్మా. అందుకే ఆ మాట అనలేదు."