ఆరని ఎర్ర లైటు

మెకానిక్ పనిలో నాకు ఒక్కటే రోగం. చెడిన వస్తువు ఎందుకు చెడిందో తెలియకపోతే ముద్ద దిగదు. ఎనభై ఆరు వానకాలంలో, కామాటిపుర పన్నెండో గల్లీలో, పట్టపగలే నా రోగం కుదిరింది.

మా తమ్ముడు పోచయ్య లారీ తెచ్చి షెడ్డు ముందర ఆపిండు. మిలిటరీ వేలంలో వాళ్ల సేఠ్ కొన్న పాత బండి. రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే స్టీరింగ్ దగ్గర ఎర్ర లైటు వెలుగుతది.

"ఎనిమిది దినాలాయె అన్నా, ఆరుతలేదు. రోడ్డు చూద్దామంటే దాని మీదికే పోతుంది చూపు."

మనిషి సగమైండు. వాడు తప్ప ఈ ఊళ్లో నాకెవరున్నరు? ఎక్కడ గుద్దుకుంటడోనని గుబులు పుట్టింది. దాన్ని తిట్టులో దాచుకున్న.

"నీళ్లు పోసుకోవాలె గదరా, గాడిదా!"

మూత తీసిన. నిండుగా ఉన్నయి. పైపులు పిసికి చూసిన, ఎక్కడా కారుడు లేదు. లైటుకు పోయే వైరు పీకిన. వెలుగుతనే ఉంది. బ్యాటరీ విప్పి కింద పెట్టిన. వెలుగుతనే ఉంది. నాకు మండింది. బల్బు ఊడదీసి అరచేతిలో పెట్టుకున్న.

అరచేతిలో... ఎర్రగా... వెలుగుతనే ఉంది. మంచుగడ్డ లెక్క చల్లగా.

వాన దంచుడు మొదలైంది. గల్లీ అంతా మబ్బు కమ్మింది. క్యాబిన్‌లో డీజిల్ వాసన పోయి పచ్చి నెత్తురు వాసన లేచింది. పక్కన ఖాళీ సీటు మీద... గుటక మింగిన చప్పుడు. ఎండిన గొంతుతో.

మళ్లీ...

"పోచీ," గుసగుసగా అన్న. "ఈ బండిలో ఏమైందిరా?"

వాడు బోరుమన్నడు. వర్లిలో కట్టే బిల్డింగ్ మీదికెళ్లి మన పాలమూరు సైదులు పడ్డడట. ఆ సీటు మీదనే పండబెట్టి దవాఖానకు తీసుకపోతుంటే, దూప, దూప అని మొత్తుకున్నడట. దెబ్బ తగిలినోనికి నీళ్లు తాపితే పానం పోతదని మనోళ్లంతా చెప్పేదే. వీడు తాపలేదు.

"నడుమల లైటు వెలిగింది అన్నా. నీళ్ల డబ్బా తీసి రేడియేటర్‌లో పోసిన. వాడు అద్దంలకెళ్లి చూస్తుండె... ఎక్కి చూసేసరికి..."

ఏం తిట్టను? నేనున్నా అదే చేద్దును. డబ్బా నిండా నీళ్లు తెచ్చి, సైదులు తల పెట్టిన చోట పోసిన.

"తాగు బిడ్డా. తెలువక చేసిండు. వాన్ని ఇడిసిపెట్టు."

డబ్బా ఒడిసింది. సీటు తడవలేదు. కింద చుక్క కారలేదు. అరచేతిలో బల్బు ఆరిపోయింది.

అన్నదమ్ములం పట్టుకుని ఏడ్చినం. పీడ పోయిందిరా అనుకుంట చాళ్‌లో వాళ్ల ఒంటిగది ఖోలీకి తోలుకపోయిన. వాని పెండ్లాం మల్లమ్మ అన్నం వడ్డించింది.

"ముందుగాల నీళ్లియ్యే. దూపైతుంది," అన్నడు పోచయ్య.

చెంబు ఎత్తి గటగట తాగిండు. గొంతు కదులుడు కనబడుతుంది, గుటకలు వినబడుతున్నయి. దించి మూతి తుడుచుకున్నడు.

"ఇంకిన్ని పొయ్యే. దూపైతుంది."

మల్లమ్మ చెంబులోకి చూసింది.

"బావా..." అని నా ముందర పెట్టింది.

ఒక్క చుక్క తగ్గలేదు.