అర్జీ పెట్టిన తేదీ

"పెద్దిరాజు గారి చెరువు రిపోర్టు వచ్చిందాండి?"

ఆ పూట ఆ ప్రశ్న దుర్గాశ్రీని అడిగినవాళ్లలో ఇతను ఐదోవాడు. మేత విభాగం అడిగింది, ఐసు విభాగం అడిగింది, కొనుగోలు వాళ్లయితే రెండుసార్లు అడిగారు. భీమవరంలోని ఆ రొయ్యల కంపెనీ ల్యాబులో చేరి మూడేళ్లయింది. పేరుకి నీళ్ల పరీక్షలు గానీ, ఆమె అసలు పని అడిగిన ప్రతివాళ్లకీ అదే మాట మళ్లీ చెప్పడం.

"గోడ మీద అంటిస్తానండి. ఊరంతా చదువుకుందురు గాని," అంది తలెత్తకుండా.

"అంటించక్కర్లేదండి. అందుకే నన్ను తీసుకున్నారు. నా పేరు మణిదీప్. అన్ని విభాగాలకీ కలిపి ఒకటే డేటాబేస్ తయారు చేయాలి. ముందు మీ రిజిస్టరు ఇస్తే..."

"ఇవ్వనండి."

"ఎందుకండి?"

"పోయినసారి ఇస్తే టీ మరకలతో తిరిగొచ్చింది."

అప్పుడు తలెత్తి చూసింది. మనిషి బాగానే ఉన్నాడు. ఆ సంగతి ఒప్పుకునే ఓపిక కూడా ఆమెకి ఆ రోజు లేదు.

కంపెనీ సంగతి ఏమిటంటే, ల్యాబుకి చెరువంటే నీళ్ల సీసా నంబరు. మేతవాళ్లకి రైతు పేరు. కొనుగోలువాళ్లకి కాలవ గట్టు గుర్తు. ఒకే చెరువు మూడు చోట్ల మూడు చెరువులుగా బతికేది. మేత తగ్గించమని ల్యాబు రాసిన వారమే మేత విభాగం రెట్టింపు మేత పంపడంతో రైతు సత్తిరాజు గారి రొయ్యలన్నీ చచ్చి తేలాయి. ఆయన ఎవర్నీ తిట్టలేదు. ల్యాబు మెట్ల మీద కూర్చుని, "ఎవర్ని అడగాలో చెప్పమ్మా," అన్నాడు. ఆ సాయంత్రమే, జూన్ ఆరున, దుర్గాశ్రీ కాకినాడ ల్యాబుకి బదిలీ కావాలని సిబ్బంది విభాగానికి కాగితం రాసి ఇచ్చేసింది. మణిదీప్ వచ్చింది జూన్ ఇరవై రెండున.

రిజిస్టరు ఇవ్వలేదు గానీ పక్కన కుర్చీ ఇచ్చింది. రోజూ మూడింటికి అతను వచ్చి కూర్చునేవాడు.

"సీసా నలభై రెండు ఎవరండి?"

"వెంకటరాజు గారు. పెద్దకాలవ గట్టు, మూడో చెరువు."

"ఇవన్నీ ఎలా గుర్తుంటాయండి మీకు?"

"మర్చిపోయే తీరిక లేకండి."

అతను నవ్వితే ఆమెకీ నవ్వొచ్చేది. జూలై దాటేసరికి ఎవరికి కావాల్సింది వాళ్లు సిస్టంలోనే చూసుకోవడంతో ఫోన్లు తగ్గిపోయాయి. ఒకరోజు మధ్యాహ్నం దాకా ఫోను మోగకపోతే పాడైందేమోనని రిసీవరు ఎత్తి చూసింది. బాగానే ఉంది. ఆ రోజు మూడేళ్లలో మొదటిసారి అన్నం వేడిగా తిన్నది.

ఆగస్టు ఎనిమిది, శనివారం. బస్సు కోసం ఇద్దరూ రేకుల షెడ్డు కింద నిలబడ్డారు. వాన ఎవరితోనో పంతం పట్టినట్టు కురుస్తోంది.

"పని అయిపోవచ్చిందండి," అన్నాడు మణిదీప్. "అయిపోయాక కూడా మూడింటికి రావచ్చాండి?"

దుర్గాశ్రీ గుండె జల్లుమంది. సరిగ్గా అప్పుడే ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చి నిలబడింది. నవ్వేసి పరుగెత్తింది. ఆమె లెక్కలో ఆ నవ్వే జవాబు.

సోమవారం అతను రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం అతని దగ్గర్నుంచి ఒక మెయిలు వచ్చింది: 'సందేహాలుంటే తెలియజేయగలరు.' దాన్ని నాలుగుసార్లు చదివింది, ఎక్కడైనా కాస్త ప్రేమ ఉందేమోనని. లేదు. ఇంత బతుకూ ఇంతేనా అనిపించి కళ్లు మూసుకుంది.

గురువారం బదిలీ ఆర్డరు వచ్చింది. సిబ్బంది విభాగం సంపూర్ణమ్మ గారు కళ్లద్దాల పైనుంచి చూసింది.

"నువ్వడిగిందేగా అమ్మా! వద్దంటే సోమవారంలోగా సిస్టంలో రద్దు పెట్టుకో. కారణం మాత్రం రాయాలి."

దుర్గాశ్రీ తన పేజీ తెరిచింది. అర్జీ తేదీ: ఆగస్టు పది. వెంటనే లేచి గబగబా మణిదీప్ గదికి వెళ్లింది.

"మీ డేటాబేస్‌లో తప్పుందండి."

"తప్పా? ఎక్కడండి?" అతని మొహం మాడిపోయింది.

"నా అర్జీ తేదీ. ఆగస్టు పది అంటోంది."

"కరెక్టేగా అండి. శనివారం నేనడిగాను. సోమవారం మీరు వెళ్లిపోతానని రాశారు. నాకు అర్థమైందండి. మళ్లీ వచ్చి విసిగించలేదు కదా!"

దుర్గాశ్రీ కుర్చీలో కూలబడింది. "నేను అర్జీ పెట్టింది జూన్ ఆరునండి. అప్పటికి మీరు ఎవరో నాకు తెలీదు."

మణిదీప్ సంపూర్ణమ్మ గారి పాత ఫైలు తెరిచాడు. అందులో తేదీల వరస మొత్తం ఖాళీ.

"తేదీ లేనిచోట, ఎక్కించిన రోజు తేదీ దానంతటదే పడేలా పెట్టానండి. ఈ ఫైలు ఎక్కించింది సోమవారం," అన్నాడు మెల్లగా.

"పెట్టింది మీరు, ఎక్కించింది మీరు, నమ్మింది కూడా మీరే. ఒక్క మాట నన్ను అడిగితే పోయేదా?"

"ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేకుండా చేయడమే నా ఉద్యోగమండి."

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నాలుగు రోజులుగా నాకు అన్నం సయించలేదండి."

"నాకు మాత్రం సయించిందా?"

"నాకు కాకినాడ వద్దండి. మీరు కావాలి," అంది.

చెప్పేశాక ఒళ్లు తేలికైంది. మణిదీప్ రద్దు పేజీ తెరిచి కీబోర్డు ఆమె వైపు జరిపాడు.

"కారణం దగ్గర 'వ్యక్తిగతం' అని కొట్టండి చాలు. ఎవరెక్కడ పనిచేస్తున్నారో తెలియాలని ఈ పేజీ అన్ని విభాగాలకీ తెరిచి ఉంచమన్నారు."

"అయితే మరీ మంచిది. మేతవాళ్లకోసారి, ఐసువాళ్లకోసారి చెప్పే ఓపిక నాకు లేదు," అని 'మణిదీప్ గారిని పెళ్లి చేసుకుంటున్నాను' అని కొట్టింది. "తప్పుంటే ఇప్పుడే చెప్పండి."

అతను రెండుసార్లు చదివాడు. సేవ్ తనే నొక్కాడు.

"ఆదివారం మా ఇంటికొచ్చి మాత్రం మీ నోటితోనే చెప్పాలండి," అంది దుర్గాశ్రీ లేస్తూ. "మా నాన్నకి కంప్యూటరు రాదు."