చేతులెత్తే మడుగు

కొంకణ తీరంలో ఆ రాళ్ల మడుగుకు మంచి పేరు లేదు. పొద్దు గుంకాక, అందులో మునిగి చచ్చిన ఆడమనిషి రెండు చేతులూ పైకెత్తి పిలుస్తుందట. పలికినవాడు మళ్లీ ఇల్లు చేరడట.

ఆ మాట విని కూడా లింగమూర్తి అక్కడికి దిగాడు. ధైర్యం ఉండి కాదు, మళ్లీ పొద్దున్నే రావడానికి ఓపిక లేక. నాందేడ్ నుంచి రైళ్లూ బస్సులూ మారి మారి ఒళ్లు హూనమైపోయింది.

వాళ్లది తండ్రి నాటి మూలికల దుకాణం. డెబ్బైరెండు కరువులో సముద్రపు నురుగు అనే మందుసరుకు రావడం ఆగిపోయింది. తల్లి గంగుబాయికి కడుపుమంట. ఆ తెల్లటి బిళ్లలు నూరి పాలలో కలిపి ఇస్తే తప్ప మెతుకు నిలవదు. మనిషి పుల్లయిపోయింది. మెడలో లింగం కట్టుకున్న మనిషి, నీచు వండిన గిన్నె కూడా ముట్టదు. బిళ్లలంటే మాత్రం ఎండి గట్టిపడ్డ నురుగేనని ఇంటిల్లిపాదికీ నమ్మకం.

చీకటి పడకముందే వచ్చెయ్యమని, అతనికి చోటిచ్చిన చేపలోళ్ల రఖమాబాయి మరీ మరీ చెప్పింది. ఏం లాభం... బిళ్లలన్నీ ఆ మడుగు చుట్టూనే ఉన్నాయి.

వంగి ఏరుతున్నాడు. నీళ్లలో ఏదో మెదిలింది.

రెండు చేతులు — పైకి లేచాయి.

చేతుల వెనక ఒక కన్ను. గోధుమరంగు ఒళ్లు చూస్తుండగానే ఎర్రబడింది, చారలు తేలి రాయి రంగులో కలిసిపోయింది. మనిషి కాదు, ఏదో సముద్రపు ప్రాణి... చూపు మాత్రం మనిషిదే.

"ఎవలు నువ్వు?" అని లింగమూర్తి గొణిగాడు.

అది సిరాలాంటిదేదో చిమ్మింది, నీళ్లన్నీ నల్లబడ్డాయి.

నలుపు విడిపోయాక చూస్తే, రాళ్లకు గుత్తులుగా గుడ్లు. గుడ్లు పెట్టి అలిసి చచ్చిన అలాంటి ప్రాణులే చుట్టూ తేలుతున్నాయి. ఒకదాని వీపును పీతలు చీల్చేశాయి. లోపల — తెల్లటి బిళ్ల.

నురుగు కాదు. ఎముక.

లింగమూర్తి ఇసుకలో కూలబడ్డాడు. తీసుకెళితే అమ్మ ఆచారం పోతుంది. వదిలేసిపోతే అమ్మే పోతుంది. చాలాసేపటికి లేచి, మూట భుజానికెత్తుకున్నాడు.

ఇంటికొచ్చి కల్వం ముందు కూర్చున్నాడు. చెయ్యి ఆడలేదు. గంగుబాయి గోడకానుకుని కొడుకునే చూస్తోంది.

"చెప్పకు" అంది మెల్లగా. "మీ బాపు గూడ ఆ సముద్రం కాడికి పోయొచ్చిన నాడు గిట్లనే కూసున్నడు. నా మొఖం చూడలే... నేను అడగలే."

కల్వం వైపు చెయ్యి చూపింది.

"నూరు బిడ్డా. ఆకలైతున్నది."