నలభై ఫీట్ల రోడ్డు

శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు పోతుంటే పక్కన ఓ సిమెంటు కమాను కనిపిస్తుంది. దాని వెనక ఊరు లేదు, ఇల్లు లేదు. చీకటి పడ్డాక అందులోకి తిరిగిన బండి ఎటు పోయినా మళ్లీ ఆ కమాను దగ్గరికే వస్తుందని చెప్పుకుంటారు. ఆ చుట్టుపక్కల మందుల ల్యాబుల్లో పనిచేసేవాళ్లను దింపే క్యాబు డ్రైవర్లు అక్కడికి రాగానే అద్దాలు ఎక్కించుకుంటారు.

కొంపల్లిలో ఉండే సుప్రజకు ఈ సంగతి తెలియదు. తెలిసినా నమ్మే మనిషి కాదు.

ఆ రాత్రి ఆమె నడుపుతున్నది మంచం, వంటగట్టు, నిలువుటద్దం అన్నీ ఉన్న క్యారవాన్. అద్దం ముందు కూర్చుంది అక్క కూతురు భవిత — పెళ్లికూతురు. ఫంక్షన్ హాల్లో అందరూ ఎదురుచూస్తున్నారు. ముహూర్తం తరుముకొస్తోంది.

ఫోన్‌లోని మ్యాపును సుప్రజ నమ్మడం మానేసింది. పోయిన నెల అది మేడ్చల్ దగ్గర రైలు వంతెన కిందికి తీసుకెళ్లి, క్యారవాన్ నెత్తిమీది ఏసీని ఊడబెరికింది. అందుకే పెద్ద బండ్ల కోసం చేసిన నావిగేషన్ పరికరం కొంది. బండి ఎత్తు, వెడల్పు టేపుతో కొలిచి మరీ అందులో ఎక్కించింది.

"కుడివైపు తిరగండి," అంది పరికరం.

తిరిగింది. గడ్డి... తెల్లటి హద్దురాళ్లు... రోడ్డు లేదు.

"ఎడమవైపు తిరగండి."

కమాను.

"పిన్నీ, ఇందాక చూశాం కదా దీన్ని?"

"నువ్వు బొట్టు చెరక్కుండా చూసుకో."

పరికరాన్ని ఆపి మళ్లీ పెట్టింది. అప్‌డేట్ కావాలంది. చేద్దామంటే సిగ్నల్ పోయింది. మళ్లీ అదే గొంతు... అదే తియ్యదనం... మళ్లీ కమాను.

"దీన్ని తయారుచేసినవాణ్ణి ఈ బండికే కట్టి తిప్పాలి," సుప్రజ పళ్లు నూరింది.

ఇంజన్ ఆపింది. చుట్టూ చిమ్మచీకటి.

రాళ్ల మధ్య ఏదో కదిలింది.

తెల్లగా... నిలువుగా... నడుస్తోంది గానీ కాళ్లు కనిపించవు. నేరుగా బండి వైపే వస్తోంది. సుప్రజ తలుపు గడియ వేసింది. వెనక భవిత గాజుల చప్పుడు ఆగిపోయింది.

కిటికీ అద్దం మీద వేళ్లతో తట్టిన శబ్దం. ఆ వెంటనే, గొంతు పెగలని గుసగుస —

"పెళ్లిపిల్ల గీ బండిలనే ఉన్నదా?"

భవిత గోళ్లు సుప్రజ భుజంలో దిగాయి.

"ఎవరు మీరు?"

"పరమేశ్‌నమ్మా... పిల్లగాని మేనమామను. పొద్దుగాల సంది అరిసి అరిసి గొంతు పోయింది." ఫోన్ లైటు వేశాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మోకాళ్ల దాకా గడ్డి. "లైట్లు ఈడనే తిరుగుతాంటే మీరేనని సమజైంది. అందరు గిట్లనే తిరుగుతరు."

"ఎందుకు తిరుగుతారు?"

ఆయన నసిగాడు. "గిది మా వెంచరే. ప్లాట్లు జల్దీ పోవాలని, మ్యాపుల నలభై ఫీట్ల రోడ్లు ముందే ఎక్కిచ్చినం. ఇగ కేసు పడ్డది. రోడ్లు వెయ్యలే."

"మ్యాపులోంచి తీసెయ్యలేదా?"

"తీస్తే... కేసు గెలిచినంక మళ్ల ఎక్కియ్యాలె గదా."

సుప్రజకు అప్పుడర్థమైంది. తన బండి వెడల్పని తనే చెప్పింది. ఉన్న ఇరుకు బాటను వదిలేసి, లేని వెడల్పాటి రోడ్లనే ఏరి ఏరి చూపించింది ఆ పరికరం.

"హాలెక్కడండీ?"

"గా గోడ అవతలనే. మీ బండి పట్టది. నా బైకు పోతది."

భవిత పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపింది. "నేను పడతాను పిన్నీ."

"జడ ముందుకేసుకో. చక్రంలో పడేను."

బైకు గోడ వెంట బాటలోకి దూరింది. నగలూ చీరలూ బండిలోనే ఉన్నాయి, వదిలి పోయేందుకు లేదు. హద్దురాళ్లకు తగలకుండా సుప్రజ క్యారవాన్‌ను వెనక్కి తీస్తోంది... ఆపుతోంది... మళ్లీ తీస్తోంది.

గోడ అవతల గట్టిమేళం మోగింది.

అక్షింతలు వెయ్యాల్సిన చెయ్యి గేరు మీదే ఉంది.