లైట్ల కొట్టులో నీలికళ్ల పిల్లి

అప్పటికి అతని చేతిలో ఉన్నవి నాన్న వదిలివెళ్లిన లైట్ల కొట్టు, రాయికైనా బల్బు అంటగట్టగల నోరు, ఎంత పిలిచినా పలకని ఒక తెల్లపిల్లి.

ఎదురింటి మేడమీద కొత్తగా పశువుల డాక్టరు దిగింది. బల్బు కోసం వచ్చిన మొదటి రోజే గొడవ. పిల్లి గాజు షేడ్ల పెట్టెలో పడుకుని ఉంది. అతను కేకలేస్తున్నాడు.

“పాపం, మూగజీవాన్ని అలా తిడతారేంటండీ?”

“దీనికి పొగరండీ. ఒక్క మాట వినదు.”

ఆమె పిల్లి వెనక్కి వెళ్లి గట్టిగా చప్పట్లు కొట్టింది. పిల్లి చెవి కూడా కదపలేదు.

“తెల్లపిల్లికి రెండు కళ్లూ నీలివైతే చాలాసార్లు చెవుడు ఉంటుంది. దీనికి ఏమీ వినపడదు.”

“అంటే ఇన్నాళ్లూ నేను తిట్టినవన్నీ?”

“బూడిదలో పోసిన పన్నీరు.”

“అయ్యో, ఏరి ఏరి తిట్టానండీ!”

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు ధాటికి అతను బల్బు ధర చెప్పడం మరిచిపోయాడు.

“అన్నం వేళకి లైటు ఆర్పి వెలిగించండి, అదే వస్తుంది” అని నేర్పింది. నిజంగానే వచ్చేది. పిల్లిని చూసే వంకతో డాక్టరూ వచ్చేది.

ఇంతలో పిడుగులాంటి కబురు. డాక్టరు వాళ్ల అన్నయ్య ఆమెను తన ఊరి ఆసుపత్రికి రమ్మన్నాడట, ఆదివారమే ప్రయాణమట. రాయికి బల్బు అమ్మే నోటితో “ప్రయాణానికి టార్చిలైటు ఇవ్వనా?” అని మాత్రం అడిగాడు.

సాయంత్రం ఎప్పటిలాగే లైటు ఆర్పి వెలిగించాడు. పిల్లి కంటే ముందు డాక్టరు పరుగెత్తుకొచ్చింది, ఒక కాలికే చెప్పుతో.

“పిలిచారా?”

“పిల్లినండీ...”

ఆమె ముఖం కందిపోయింది. “బావుంది. దాన్నే పిలుచుకోండి.” విసురుగా వెళ్లిపోయింది.

వెనక గదిలోంచి అమ్మ వచ్చింది. “పిల్లికి చెవుడు సరే, నీకు కళ్లు పోయాయట్రా? రెండో చెప్పు కూడా తొడుక్కోకుండా ఆ పిల్ల ఎందుకొచ్చిందనుకున్నావు?”

అతను కొట్టులోని దీపాలన్నీ ఒక్కసారే వెలిగేలా స్విచ్చిలు నొక్కాడు. వీధి వీధంతా పెళ్లివారిల్లులా వెలిగింది. మరుక్షణం ఫ్యూజు ఎగిరిపోయింది.

చీకట్లో గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు.

“ఈసారి పిలిచింది ఎవరిని?”

“మిమ్మల్నే.”

“నాకు చెవులు వినపడతాయి లైట్లాయనా. నోటితో చెప్పండి.”

“వెళ్లకండి. నన్ను పెళ్లి చేసుకోండి.”

“ఈ రెండు ముక్కలకా వీధంతా వెలిగించారు!” అంటూనే ఆమె ఫోను తీసింది. “అన్నయ్యా, నేను రావట్లేదు. నువ్వే రా, ఒక మనిషిని చూద్దువుగాని.”

అమ్మ కొవ్వొత్తి తెచ్చి, ఆమె ముఖం దగ్గర పెట్టి, తృప్తిగా తలూపింది.

పోయింది ఒక ఫ్యూజు. వచ్చింది ఒక డాక్టరు, ఆమె నవ్వు, దానికి కొసరుగా ఆమె అలకలు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని ప్రతి కొట్టువాడూ బోర్డు పెడతాడు. కొన్న సరుకును ఛస్తే వాపసు ఇవ్వనని మొక్కుకున్నవాడు మాత్రం ఇతనొక్కడే.