అమ్మకి వచ్చిన ఫస్ట్ ర్యాంకు

ముందే ఒక తప్పు ఒప్పేసుకుంటాను. "మీ అమ్మగారు ఎలా ఉన్నారు?" అని ఎవరైనా అడిగితే, వెళ్ళి అమ్మని అడిగి చెప్పిన పాపాన నేనెప్పుడూ పోలేదు. "బాగున్నారండీ" అని నోటికి అలవాటైన జవాబు పడేసి, తర్వాతి మాటలోకి వెళ్ళిపోయేదాన్ని. అందుకే ఇప్పుడు చెప్పబోయే అనఘని మీరు తిట్టుకుంటే నేను అడ్డురాను. మీతో కలిసి తిట్టడానికి మాత్రం నాకు మొహం చెల్లడం లేదు.

ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నర. గుణదలలోని ఆ ఫ్లాట్‌లో వెంకటసుబ్బారావు గారు పెసరట్టు కోసం ఎదురుచూస్తూ పేపరు తిరగేస్తున్నారు. ఆయన ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో పిల్లలకి ర్యాంకులు తెప్పించడమే పని కాబట్టి, ఇంట్లో దేన్నయినా ర్యాంకుల్లోనే కొలుస్తారు. పచ్చళ్ళతో సహా. "ఈ ఏడాది మాగాయ స్టేట్ ఫస్టు, ఆవకాయ జస్ట్ పాస్" అంటారు.

వంటింట్లో రమాసుందరి ఫోను టింగుమంది.

"అనఘా, ఇది ఇవాళ్టితో ఆగిపోతుందా?" అంది ఆమె అట్టు తిరగేస్తూ.

"అవునమ్మా, ఇరవై ఎనిమిదో రోజు. సాయంత్రం ఆఖరి టింగుతో నీకు విముక్తి."

"అయితే రేపట్నుంచి ఇంకెవరూ అడగరన్నమాట" అంటూ రమాసుందరి చెయ్యి తుడుచుకుని, జవాబులు నొక్కి, ఫోను పోపులపెట్టె పక్కన బోర్లా పెట్టింది.

అనఘ ఆ మాట విన్నది. విని, అల్లం చట్నీ ఉందా అని అడిగింది.

ఆ టింగు కథేమిటంటే, అనఘ స్నేహితురాలు అపూర్వ హైదరాబాదులో సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. యాభై దాటి, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళ మనసు రోజంతా ఎలా మారుతుందన్నది ఆమె పరిశోధన. నెలాఖరున కూర్చోబెట్టి "ఎలా గడిచింది?" అంటే జనం గుర్తున్నది చెప్తారు. అప్పటికప్పుడు అడిగితే ఉన్నది చెప్తారు. అందుకని ఫోను రోజుకి అయిదుసార్లు మూడు ప్రశ్నలు వేస్తుంది. ఇప్పుడు మనసెలా ఉంది, ఒకటి నుంచి ఏడు లోపు నొక్కండి, ఏడంటే చాలా బాగున్నట్టు. ఎవరితో ఉన్నారు? ఏం చేస్తున్నారు?

మొత్తం నలభై మందిలో విజయవాడ వాళ్ళు పదిమంది. ఆ పదిమంది జవాబులూ చూసే పని అనఘ తీసుకుంది. తను ఇంటినుంచే ఒక కంపెనీకి డేటా అనలిస్టుగా పనిచేస్తోంది కాబట్టి ఇది చిటికెలో పని. శనివారం శనివారం జవాబులన్నీ ఒకసారి సరిచూసి అపూర్వకి పంపాలి. అపూర్వ ఒక్కటే చెప్పింది: "తేడాగా కనిపిస్తే పక్కన గుర్తు పెట్టు. దేన్నీ ముట్టుకోకు."

మొదటి శనివారం వాళ్ళమ్మ షీటు తెరిచి అనఘ నవ్వింది. అన్నీ ఒకట్లూ రెండ్లూ. "అయ్యో పిచ్చమ్మా, ఒకటంటే ఫస్ట్ ర్యాంకనుకున్నావా!" అనుకుంది. అమ్మకి దిగులేమిటి అసలు? మూడేళ్ళు మంచాన పడ్డ నానమ్మకి చాకిరీ చేసింది. ఆ నానమ్మ, సంపూర్ణమ్మగారు, పోయి ఎనిమిది నెలలైంది. ఇప్పటికైనా ఊపిరి పీల్చుకో తల్లీ అని చుట్టాలంతా అన్నారు కూడా. కాబట్టి పీల్చుకునే ఉంటుంది.

అనఘ ఒక్క లైను ఫార్ములా రాసింది. ప్రతి అంకెనీ ఎనిమిదిలోంచి తీసెయ్యి. ఒకట్లు ఏడులయ్యాయి, రెండ్లు ఆరులయ్యాయి. గోడకవతల దోసకాయ తరుగుతున్న మనిషిని పిలిచి అడగాలని మాత్రం తట్టలేదు. తర్వాతి మూడు శనివారాలూ అదే ఫార్ములా.

పదింటికి అపూర్వ వచ్చింది. గన్నవరంలో పుట్టింటికి వచ్చిందట, పనిలో పనిగా తన పరిశోధనలో పాల్గొన్నందుకు థాంక్స్ చెప్పి పోదామని.

"రా అమ్మా సైంటిస్టూ! మా ఆవిణ్ణి నెలరోజులు పరీక్షించావు, రిజల్టేదీ?" అన్నారు వెంకటసుబ్బారావు గారు.

"నిజానికి బయటికి చెప్పకూడదంకుల్. కానీ ఆంటీ సంగతి ఆంటీకే చెప్తున్నా కదా" అని అపూర్వ నవ్వింది. "మొన్నటిదాకా వచ్చిన లెక్కల్లో నలభై మందిలోకీ సంతోషంగా ఉన్నది మన ఆంటీయే! యావరేజ్ ఆరు పాయింట్ రెండు!"

"అద్దీ! ఊరందరికీ తెప్పించాను గానీ అసలు ర్యాంకరు నా ఇంట్లోనే ఉంది! రమా, బెంజి సర్కిల్లో నీ ఫొటోతో ఫ్లెక్సీ కట్టించేస్తా. ఒకటీ ఒకటీ ఒకటీ అని!"

ముగ్గురూ నవ్వారు. పెసరట్టు ప్లేటు తెస్తున్న రమాసుందరి నవ్వలేదు. ప్లేటు టీపాయ్ మీద పెట్టి నిలబడింది.

"ఎంతన్నావమ్మా?"

"ఆరు పాయింట్ రెండాంటీ. ఏడుకి."

"నెల మొత్తం మీద నేను మూడు దాటి ఒక్కసారి కూడా నొక్కలేదే."

అపూర్వ నవ్వు సగంలో ఆగింది. అనఘకి మాత్రం ఇంకా హుషారుగానే ఉంది. "అదేనమ్మా, నువ్వు తిరగేసి నొక్కేశావు! మనింట్లో ఒకటంటే ఫస్టు కదా, అలాగే అనుకున్నావు. నేను సరిచేసేశాలే."

"సరిచేశావా?" అంది అపూర్వ. "అంటే ఏం చేశావే?"

"ఎనిమిదిలోంచి తీసేశా. నాలుగు వారాలూ. చిన్న విషయమే కదా అని..."

"ఇరవై రెండేళ్ళు తెలుగు పేపర్లు దిద్దాను" అంది రమాసుందరి. గొంతు పెంచలేదు. "ప్రశ్న చదవకుండా జవాబు రాసినవాళ్ళకి ఈ చేత్తోనే సున్నాలు వేశాను. నేను చదవకుండా నొక్కుతానా, అనఘా?"

"మరి ఆ ఒకట్లు..."

"ఒకటి పక్కన 'అస్సలు బాగాలేదు' అని రాసుంది. అందుకే నొక్కాను."

వెంకటసుబ్బారావు గారు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. "అదేంటి రమా? నీకిప్పుడేం తక్కువైందని..."

"అదిగో. ఆ మాటొస్తుందనే మీకెవరికీ చెప్పలేదు. ఆ ఫోను 'నీకేం తక్కువ' అనదు. 'అత్తగారు పోయింది, ఇంక హాయి' అనదు. అడుగుతుంది, చెప్పింది తీసుకుంటుంది, ఊరుకుంటుంది." ఆమె అపూర్వ వైపు తిరిగింది. "అమ్మాయ్, మొదటిరోజు నువ్వు సంతకం పెట్టించుకున్న కాగితంలో ఆరో నంబరేమిటి?"

అపూర్వ మొహం పాలిపోయింది. "వారం రోజులు వరసగా తక్కువ అంకెలొస్తే మా డాక్టరుగారు ఫోన్ చేసి మాట్లాడతారని, ఆంటీ."

"రెండుసార్లు చదివాకే సంతకం పెట్టాను. ఎనిమిదో రోజు స్నానానికెళ్తూ ఫోను బాత్‌రూమ్ కిటికీలో పెట్టుకున్నా. తొమ్మిదో రోజు కూరల మార్కెట్లో గోలకి వినపడదేమోనని చేత్తోనే పట్టుకు తిరిగా. ఆ కూరలబ్బాయి కూడా నవ్వాడు, ఎవరి ఫోను కోసం పిన్నిగారూ అని. పదిహేనో రోజుదాకా చూశాను. రాలేదు. అంత చదువుకున్నవాళ్ళకే ఇది లెక్కలోకి రాలేదంటే, ఈ వయసులో అందరికీ ఇంతేనేమో అనుకున్నా. అనుకుని కూడా నొక్కుతూనే ఉన్నా."

అనఘ ఆ షీటు అంతా చదివింది. ఎవరితో ఉన్నారన్న చోట 'ఒక్కదాన్నే' అని ఉండేది. అవన్నీ తను పక్కగదిలో మీటింగుల్లో ఉన్న గంటలే. ఏం చేస్తున్నారన్న చోట రోజూ సాయంత్రం నాలుగింటికి ఒకటే జవాబు, 'గడియారం చూస్తున్నా.' నాలుగంటే నానమ్మకి జావ పట్టే వేళ. నాలుగు వారాలూ ఆ గడిలో ఆ మాట తీసేసి 'విశ్రాంతి' అని తనే రాసింది. చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని.

అపూర్వ లేచి వెళ్ళి రమాసుందరి పక్కన కూర్చుంది. "ఆంటీ, సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. బతకాలని లేదని ఎప్పుడైనా అనిపించిందా?"

"ఏంటమ్మా ఆ ప్రశ్న!" అన్నారు వెంకటసుబ్బారావు గారు కంగారుగా.

"అడగనివ్వండి" అంది రమాసుందరి. "అంతదూరం వెళ్ళలేదమ్మా. పొద్దున్నే లేవబుద్ధి కాదు. తిన్నది రుచి తెలీదు. అట్లు వేస్తుంటాను, ఎవరో వేస్తున్నట్టు ఉంటుంది. అంతే." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు అడిగావు చూడు, అందుకు చెప్పగలిగాను."

అపూర్వ డాక్టరుకి ఫోన్ చెయ్యడానికి బాల్కనీలోకి వెళ్తూ అనఘ దగ్గర ఆగింది. "ఆంటీ షీటు తీసేస్తాం. నాకూ బుద్ధి ఉండాలి, సంబరంగా ర్యాంకు చెప్పడానికొచ్చాను. కానీ మా గైడుకి నేను చెప్పనే. నువ్వే రాయి. ఏం చేశావో మొత్తం."

అనఘ తలూపింది. తిడితే బాగుండుననిపించింది. ఎవరూ తిట్టలేదు.

రమాసుందరి లేచి నానమ్మ గదిలోకి వెళ్ళింది. ఇప్పుడది అనఘ ఆఫీసు గది. ఒకప్పుడు మంచం ఉన్నచోట పెద్ద బల్ల, రెండు మానిటర్లు, తిరిగే కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుంది. వెనకే వెళ్ళిన అనఘ నేలమీద కూలబడింది.

"అమ్మా, నేను... ఛ, ఎంత పొగరే నాకు... నిన్ను ఒక్కమాట అడక్కుండా..." అంటూ వెక్కిళ్ళు మొదలుపెట్టింది.

"ఆగు" అంది రమాసుందరి. "నువ్వు ఏడిస్తే నేను లేచి సముదాయించాలి. ఇన్నాళ్ళూ అదే చేశాను. నీ ఏడుపు తర్వాత. ముందు నన్ను చెప్పనీ."

అనఘ ఏడుపు దిగమింగింది. అంత కష్టమైన పని ఆమె ఏ ఉద్యోగంలోనూ చెయ్యలేదు.

"మీ నానమ్మకి నేనంటే పడేది కాదు. చారులో ఉప్పు దగ్గర్నుంచి నా నడక దాకా వంకలే. ఇరవై ఏడేళ్ళు పోట్లాడుకున్నాం. మంచాన పడ్డాక కూడా జావ చల్లారిందని చెంచా విసిరేసేది. ఆఖరి నెలలో మాట పోయింది. ఒకరోజు నా వేలు పట్టుకుని వదల్లేదు. కష్టపడి 'అమ్మా' అంది. నన్నే. అది ఎవరికి చెప్పుకోను? పీడా పోయిందని అందరూ నన్ను అభినందిస్తుంటే, నాకు ఆవిడ లేక తోచట్లేదని ఏ మొహంతో చెప్పను? బడి మానింది ఆవిడ కోసం. ఆవిడ పోతే నాకు రెండు ఉద్యోగాలూ పోయినట్టయింది. పన్నెండో రోజు దాటగానే మంచం ఎవరికో ఇచ్చేశారు, ఈ బల్ల వచ్చింది. నన్నెవరూ అడగలేదు."

వెంకటసుబ్బారావు గారు గుమ్మందాకా వచ్చి ఆగిపోయారు. గడపమీద కూర్చోకూడదని అందరికీ చెప్పే మనిషి, అక్కడే కూర్చున్నారు.

"మా అమ్మ పోయిందని ఊరంతా వచ్చి నన్ను పలకరించారు రమా. నిన్ను పలకరించాలని నాకే తోచలేదు. ఇందాక ఫ్లెక్సీ కడతానన్నాను చూడు..."

రమాసుందరి ఆయనతో ఫరవాలేదనలేదు. ఊరుకోండి అని కూడా అనలేదు. "వినండి అయితే" అని మళ్ళీ మొదలుపెట్టింది. దాదాపు గంటసేపు చెప్పింది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా, అత్తగారు డాక్టరు మీద చెంచా విసిరిన సంగతి చెప్తూ. హాల్లో పెసరట్లు ఎండిపోయాయి. అన్నీ అయ్యాక, "ఊఁ, ఇప్పుడేడు" అని కూతురి తల ఒళ్ళోకి తీసుకుంది.

సాయంత్రం అనఘ అపూర్వ గైడు ప్రొఫెసరుగారికి ఉత్తరం రాసింది. 'మా అమ్మకి అర్థం కాలేదేమోనన్న ఉద్దేశంతో' అని మొదలుపెట్టి, ఆ వాక్యం కొట్టేసింది. ఏ గడిలో ఏముందో, తనేం మార్చిందో, దానివల్ల ఎవరికి రావలసిన ఫోను రాలేదో మాత్రం రాసింది. పంపే ముందు అమ్మకి చూపించింది. రమాసుందరి రెండుసార్లు చదివి, "పంపు" అంది.

డాక్టరుగారు ఆ రోజే ఫోన్ చేశారు. గురువారం రమ్మన్నారు. నెమ్మదిగా తగ్గుతుంది, మాటలతో మొదలుపెడదాం, అవసరమైతే మందులు, తొందరేం లేదు అన్నారట. అన్నారట అని ఎందుకంటున్నానంటే, ఫోను పట్టుకుని రమాసుందరి లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఈసారి బయటున్న ఇద్దరూ నోరు మూసుకుని కూర్చున్నారు.

మీ ఇంట్లో కూడా, మీరు అడక్కుండానే బాగున్నారని తేల్చేసిన మనిషి ఒకరుంటారు. అమ్మ కావచ్చు, మామగారు కావచ్చు, ఎప్పుడూ జోకులేసే తమ్ముడు కావచ్చు. వాళ్ళని అడిగిన రోజు ఏం జరిగిందో, అడగలేకపోతే ఏం అడ్డొచ్చిందో, కింద కామెంట్లలో రాయండి. నాలాగా సిగ్గుపడాల్సి వచ్చినా సరే, రాయండి. ఎంత పొడుగున్నా చివరిదాకా చదువుతాను.